ప్రత్తిపాడులో ఆరో బొమ్మ

పాత పుస్తకం ముక్కలవుతోందని తెలిస్తే నాకు అన్నం సహించదు. కాలేజీ లైబ్రరీలో పనిచేసీ చేసీ అంటుకున్న జబ్బు ఇది. బుధవారం సాయంత్రం ప్రత్తిపాడు నుంచి కరుణక్క ఎప్పుడో తీసిన ఒక ఫోటో పంపింది. ఆమె రిటైరైన టీచరు, అక్కడి చర్చిలో ఆదివారం బడి నడుపుతుంది. ఫోటోలో ఒక పాత పుస్తకంలోని బొమ్మ: నీలం మఖమల్ అంగీ, భుజాన ఎర్ర శిలువ, మెడలో బరువైన గొలుసుతో ఒక తెల్లదొర. చూడగానే తెలిసిపోయింది, అది ఇంగ్లండు రాజు బిరుదులిచ్చిన వీరుల సంఘం వారి నియమావళి. ఏ పండక్కి ఏ గొలుసు వేసుకోవాలో, ఊరేగింపులో ఎవరు ముందు నడవాలో రాసిన పుస్తకం. చేత్తో రంగులద్దిన బొమ్మలు ఆరు. మిషన్ బంగళాలో వంటచేసిన కరుణక్క తాతకి ఎవరో దొరసాని ఇచ్చి వెళ్లిందట. ఫోటో కింద ఆమె ఇలా రాసింది: "బొమ్మలన్నీ పిల్లలకి బహుమతులుగా ఇచ్చేశానమ్మా."

గురువారం ఉదయం ఆరున్నరకి గుంటూరు బస్టాండులో పర్చూరు వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే డబ్బు కట్టక్కర్లేదు. మామూలుగా ముప్పావుగంట ప్రయాణం, కానీ మిరప సీజన్లో ఆ లెక్క నమ్మకండి. యార్డుకి పోయే బస్తాల లారీ ఒకటి రోడ్డుకి అడ్డం తిరిగి అరగంట ఆపేసింది. బస్సంతా తుమ్ములు. నేను నాలుగుసార్లు లేచి డ్రైవరు దగ్గరికి వెళ్లాను.

"కూర్చోండమ్మా! మీరు నిలబడితే లారీ కదులుద్దా ఏంది?" అన్నాడతను. నిజమే. అయినా కూర్చోలేదు.

కరుణక్క ఇడ్లీ పెడితే అలాగే వదిలేసి పుస్తకం తెరిచాను. బొమ్మలున్న పేజీలన్నీ బ్లేడుతో శుభ్రంగా కోసేసి ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు కోశావక్కా?"

"శిలువుంది, కవచముంది. బైబిల్లో సర్వాంగ కవచం పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మలు యాడ దొరుకుతయ్యే? వాక్యాలు అప్పజెప్పినోళ్లకి తలా ఒకటి ఇచ్చా."

వాళ్ల చర్చి సంఘంలో రెండు తరాలుగా దాన్ని కవచం పుస్తకమనే పిలుస్తారు. అవి రాజుగారి దర్బారు బట్టలని చెబితే నవ్వేసింది. బొమ్మలు తిరిగి దొరికితే పుస్తకం లైబ్రరీకే ఇస్తానంది. ఇద్దరం ఆటో మాట్లాడుకుని ఇల్లిల్లూ తిరిగాం. మంచి రంగుల నకలు చేయించి పంపుతానంటే అయిదిళ్లవాళ్లు మారుమాట లేకుండా ఇచ్చేశారు. పన్నెండు దాటింది. మిగిలింది తల నుంచి పాదాల దాకా ఇనప కవచం తొడుక్కున్న వీరుడి బొమ్మ.

అది కూలిపని చేసుకునే మార్తమ్మ ఇంట్లో ఉంది. ఆమె వాకిట్లో పట్టా పరుచుకుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. లోపల గోడకి మైదా జిగురుతో అంటించి ఉంది బొమ్మ. గోడంతా చెమ్మ.

"మా స్నేహకి మాట తడబడుద్దండి," అంది మార్తమ్మ. "నెల్రోజులు వాక్యం నేర్చుకుంది. చర్చిలో అందరి ముందరా ఆగకుండా చెప్పింది. ఆ రోజే అంటిచ్చుకుంది."

"ఉండనీవే," అంది కరుణక్క నాతో మెల్లగా.

"చెమ్మకి వారంలో పాడైపోతుందక్కా," అన్నాను. అది అబద్ధం కాదు. కానీ నా తొందర చెమ్మ గురించి కాదు, ఆరూ నా చేతికి రావాలి, అంతే.

మార్తమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి లేచింది. "చర్చి పుస్తకమైతే ఇవ్వకపోతే ఎట్టా? తీసుకోండి. అది బడి నుంచి రాకముందే తీసుకుపోండి. దాని కళ్ల ముందర మాత్రం తియ్యబాకండి."

గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి అంచుల నుంచి నెమ్మదిగా ఊడదీశాను. ఒక్క చిరుగు కూడా పడలేదు. మార్తమ్మ నా వైపు చూడకుండా కాయలు ఏరుకుంటూనే ఉంది. రెండింటి బస్సుకే తిరిగి వచ్చేశాను.

పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆరు బొమ్మలూ వరుసలో ఉన్నాయి. కుట్టించడానికి ఇంకా ఇవ్వలేదు, ఎందుకో చేతులు రావడం లేదు. ఆ పిల్ల ఇంటికొచ్చి గోడ చూసి ఏమడిగిందో, దానికి వాళ్లమ్మ ఏం చెప్పిందో తెలియదు. కరుణక్కకి ఫోన్ చేసి అడగడానికి సిగ్గుగా ఉంది. పాత పుస్తకాల కోసం అటువైపు వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగేది ఒక్కటే. మధ్యాహ్నం పూట వెళ్లకండి. సాయంత్రం వెళ్లండి, పిల్లలు బడి నుంచి వచ్చేసి ఉంటారు. అడగాల్సింది వాళ్లని. కంగారేం లేదు, గుంటూరుకి ఆ తర్వాత కూడా బస్సులుంటాయి.