గొర్రెలు వద్దన్న చేను

మా మామ పోయిన నెలలో పోయాడు. ఆ కబురు నాకు బస్సులో అందింది. హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో నేను కండక్టరును. పెనుకొండ ఇంకా రాలేదు. మా ఆయన ఫోన్ చేసి, "నాయన ఇంక లేడు. సంగటి తిని గోడకి ఆనుకోని కూచున్న్యాడు, అట్లే ఒరిగిపోయినాడు" అన్నాడు. డ్రైవరన్న అద్దంలో నా మొహం చూసి, "నువ్వు కూచో తల్లీ, టికెట్లు నేను చూసుకుంటా" అన్నాడు. బస్సు తోలుతూ టికెట్లెట్లా చూసుకుంటాడో ఆ దేవుడికే తెలియాలి. నేను కూర్చోలేదు. పెనుకొండ వచ్చేదాకా అందరికీ టికెట్లిచ్చాను. ఒకామె చిల్లర అడిగితే నా కళ్ళలో నీళ్ళు చూసి, "పోనీలేమ్మా, ఉంచుకో" అంది.

మాది రొద్దం దగ్గర పల్లె. మామ పుట్టింది మొదలు గొర్రెలతోనే బతికాడు. పంట కోసిన చేలల్లో మంద కట్టడం మా ఇంటి పని. రైతు పిలిస్తే సాయంత్రం ఆ చేలో కట్టెలు పాతి, చుట్టూ వల కట్టి, గొర్రెల్ని లోపలికి తోలతారు. తెల్లారేసరికి గొర్రెల పెంటికలతో చేనంతా ఎరువే. మగవాళ్ళు ఆ పక్కనే గొంగడి కప్పుకుని పడుకుంటారు. అది చూసే నేను పెళ్ళయిన కొత్తలో మామను జాలిపడి చూసేదాన్ని. ఆయనేమో నన్ను చూసి జాలిపడేవాడట, పొద్దున లేస్తే నాలుగు గోడల మధ్య ఉండాల్సి వస్తుందే ఈ పిల్లకి అని.

నాకు కండక్టరు ఉద్యోగం వచ్చినప్పుడు మా వాళ్ళంతా మూతులు ముడిచారు. ఆడకూతురు ఊళ్ళు పట్టుకుని తిరగడమేమిటన్నారు. మామ ఒక్కడే నవ్వాడు. "మేము గొర్రెలెనక తిరుగుతాము, పాప మనుషులెనక తిరుగుతాది. తిరిగేదే కదప్పా మన ఇంటి పని! ఐతే పాపా, గొర్రెలు చెప్తే ఇంటాయి, మనుషులతోనే జాగ్రత్త" అన్నాడు. ఆ మాట మీదే నేను డ్యూటీకి పోయాను. ఆ మాటకు నా జీవితమంతా రుణపడి ఉన్నాను.

మామ గొర్రెల్ని కొట్టేవాడు కాదు. చేతిలో కట్టె ఉండేది గానీ అది ఆయన ఆనుకోవడానికే. మంద ఒకచోట ఆగి మొండికేస్తే తనూ ఆగేవాడు. పామా, కుక్కా, ముళ్ళకంపా అని చుట్టూ చూసేవాడు. ఏమీ కనపడకపోతే ఇంకో దారిన పోయేవాడు. మా ఆయనకు ఒళ్ళు మండేది. "గొర్రెలు నిన్ను మేపుతాండాయి నాయనా, నువ్వు గొర్రెల్ని కాదు" అనేవాడు. "మేపనీలేరా, బాగానే మేపుతాండాయి కదా" అనేవాడు మామ.

రెయిన్‌కోటు సంగతి చెప్పకపోతే ఆయన నన్ను క్షమించడు. చెప్పించుకుని చెప్పించుకుని నవ్వేవాడు మరి. నా జీతంతో హిందూపురంలో నిగనిగలాడే నీలం రెయిన్‌కోటు కొని తెచ్చాను. తడిసిన గొంగడి బరువు ఆ వయసులో మోయలేడని. కోడలు ముచ్చటపడి తెచ్చిందని మర్నాడు పొద్దున్నే తొడుక్కుని దొడ్డి తలుపు తీశాడు. ఒక్క గొర్రె బయటికి రాలేదు. పిలిస్తే వెనక్కి పరుగెత్తి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మామ మొహం పాలిపోయింది. "ఎప్పుడూ ఇట్ల జేయలా ఇవి. ఏందో ఉండాది! ఏరు వస్తాదో, గాలి వస్తాదో!" అని ఊరంతా కేక వేశాడు. పెద్దాయన చెప్పాడు కదా అని జనం మంచాలు, మూటలు, కోళ్ళ గంపలు ఎత్తుకుని గుట్ట ఎక్కారు. ఒకాయన రుబ్బురోలు కూడా ఎక్కించాడు! మధ్యాహ్నమైంది. మబ్బు తునక లేదు. మాడు పగిలే ఎండ. గొర్రెల్ని వదిలిపోలేక దొడ్డి దగ్గరే ఉన్న మామ ఉక్కకు తాళలేక ఆ కోటు విప్పి పక్కన పడేశాడు. అంతే, గొర్రెలన్నీ అరుచుకుంటూ వచ్చి ఆయన కాళ్ళకు చుట్టుకున్నాయి. అవి భయపడింది మా మామను చూసే!

ఓరి నాయనో, ఆ నవ్వు! రుబ్బురోలు ఎక్కించినాయన తప్ప అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం మామ పేరు రెయిన్‌కోటు తాత. నా బస్సెక్కి కూడా, "ఏమ్మా, మీ మామ గొర్రెలేమంటాండాయి, గొడుగు తెచ్చుకోవాల్నా?" అనేవాళ్ళు. "ముందు టికెట్టు తీసుకో. గొర్రెలు నీ అంత సతాయించవు" అనేదాన్ని నేను. ఇంటికొచ్చి మామతో గొడవపడితే, "నగినోళ్ళ పండ్లు కనపడతాయి గానీ మనదేం పోతాది పాపా" అనేవాడు. అన్నాడే గానీ ఆయనకూ గుచ్చుకుంది. కొన్నాళ్ళు రచ్చకట్ట వైపు పోలేదు.

ఆ తర్వాతి ఏడు పెన్నేటి ఒడ్డున ఒక రైతు మంద కట్టమని పిలిచాడు. అప్పటికి పెన్నలో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో! ఇసకే. ఆ ఇసక పక్కనే వేరుశనగ వేసి పండించుకునేవాళ్ళు. ఆ రోజు నాకు సెలవు. సంగటి, నంజుకోను ఊరిబిండి కట్టుకుని మామకూ మా ఆయనకూ ఇద్దామని పోయాను. పొద్దు వాలుతోంది. కట్టెలు పాతారు, వల కట్టారు. మంద వల దాకా వచ్చి ఆగిపోయింది.

రైతు పగలబడి నవ్వాడు. "ఏమప్పా, ఈపొద్దు ఏం కోటు తొడుక్కోని వచ్చినావు?"

మామ తన ఒంటి వైపు చూసుకున్నాడు. పాత గొంగడే. దాన్నీ వాసన చూశాడు పాపం. చేనంతా తిరిగాడు. పురుగుమందేమైనా కొట్టారా అని రైతును అడిగాడు. లేదన్నాడు. పాము లేదు, నక్క అడుగులు లేవు, ఆకాశంలో ఏమీ లేదు.

"నాయనా, మళ్ళా ఊరంతా నగుతారు. మాటిచ్చినాము. నాలుగు తగిలిస్తే అవే పోతాయి" అన్నాడు మా ఆయన, కట్టె ఎత్తి.

మామ ఆ కట్టె పట్టుకున్నాడు. రైతు చూస్తున్నాడు, నవ్వడానికి ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆ క్షణంలో ఆయన ఊఁ అంటే మంద లోపలికి పోయేది, పరువు దక్కేది. "నగితే నగనీరా" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "వద్దంటాండాయి. నేను తోయలేను."

వల విప్పి మందను పైన బండల మీదికి తోలుకుపోయారు. ఇంకెప్పుడూ పిలవనని రైతు తిట్టిపోశాడు. నిజం చెప్పొద్దూ, నేనూ విసుక్కున్నాను. సంగటి గిన్నె ఆయన ముందు టక్కున పెట్టి ఇంటికొచ్చేశాను.

తెల్లవారుజామున ఊళ్ళో కేకలు. "పెన్న వచ్చిందంట, పెన్న!" ఎగువన ఎక్కడో కర్ణాటకలో కుండపోతగా కురిసిందట. మా దగ్గర చినుకు లేదు. అందరితో పాటు పరుగెత్తాను. చేను లేదు. చేను ఉన్నచోట ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఆ మంద మా ఇంటి కూడు, ఆ ఇద్దరు మనుషులు నా ఇల్లు. తల ఎత్తి బండల వైపు చూస్తే గొర్రెలు, వాటి మధ్య మామ, మా ఆయన. మా ఆయన్ను పట్టుకుని ఏడ్చాను, రెండు గుద్దులు కూడా గుద్దాను. మామ కాళ్ళ మీద పడితే, "లెయ్ పాపా, సంగటి బాగుండాది రాత్రి" అన్నాడు. నేను గిన్నె పెట్టిన తీరు ఆయనకు గుర్తే లేదు.

ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్ళు వచ్చారు. ఏరొస్తుందని మీ గొర్రెలకెట్లా తెలిసిందని అడిగారు. "వాటికి తెలిసిందో, ఇంకేమన్నా వాసన కొట్టిందో నాకేం తెలుసప్పా? పోయినేడు నన్ను జూసే బెదిరినాయి" అన్నాడు మామ. వాళ్ళకు ఆ జవాబు పనికిరాలేదు.

నాకూ పనికిరాలేదు. అందుకే ఒకరోజు నిలదీశాను. "నిజం చెప్పు మామా, వాటికి ముందే తెలుస్తాదా?"

"తెలుస్తాదని నేను చెప్తే రేపు నువ్వు నన్ను నమ్ముతావు, గొర్రెల్ని చూడవు" అన్నాడు. "చూసేదే మన పని పాపా. తెలిసేది వాటి పని."

మామ పోయిన రోజు ఇంటికి చేరగానే నేను దొడ్డి వైపే పోయాను. గొర్రెలు హాయిగా నెమరు వేస్తున్నాయి. పొద్దున కూడా అట్లే ఉన్నాయట, ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ మొండికేయలేదు. "ఏరు వస్తే తెలిసిందే మీకు! ఇంత మనిషి పోతాంటే తెలీలేదా పాడు ముండల్లారా!" అని అరిచి ఏడ్చాను. అవి నన్ను చూసి, మళ్ళీ నెమరు వేసుకున్నాయి. మామ ఉంటే నవ్వేవాడు.

దినాలయ్యాక మా ఆయన మొదటిసారి ఒంటరిగా మంద తోలుకుని కనగానపల్లి వైపు ఒక చేనికి పోయాడు. సెలవు పెట్టి నేనూ వెంట పోయాను. కట్టెలు పాతాడు, వల కట్టాడు. గొర్రెలు వచ్చి ఆగిపోయాయి. ఏరు లేదు, వంక లేదు, ఆకాశం తెల్లగా ఉంది. "ఏమబ్బా, తోలు! పొద్దు పోతాండాది" అన్నాడు రైతు. మా ఆయన చేనంతా ఒకసారి తిరిగొచ్చాడు. తన చొక్కా వాసన చూసుకున్నాడు. ఆ తర్వాత కూర్చుని, రైతు నవ్వుతుండగానే, కట్టిన వల ముళ్ళు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు.