కింద పెట్టిన గహ్వా

సౌదీలో కొండల మీది ఊరు అభాలో నేను పనిచేసిన ఇంటికి మూడు తలుపులు. ముందుది మగవాళ్లది, పక్కది ఆడవాళ్లది, వంటింటి వెనకది నాది. ఆఫీసుల్లో తెమలని పనులు చాలావరకు నా తలుపులోంచే తెమిలేవి. గొప్పకు చెప్పడం లేదు. మూడేళ్లు ఆ తలుపు తీసిందీ వేసిందీ నేనే కాబట్టి చెబుతున్నాను.

ఆ ఇంటి యజమానే నా కఫీల్. నన్ను పనికి పిలిపించుకున్నదీ, దిగీ దిగగానే నా పాస్‌పోర్టు తీసుకుని తన బీరువాలో పెట్టుకున్నదీ ఆయనే. దుకాణాలకూ కట్టడాలకూ అనుమతులిచ్చే ఒక ఆఫీసులో పెద్ద అధికారి. నేను రాయచోటి పక్క పల్లె నుంచి అక్కడికి పోయిన కొత్తలో ఆ ఆఫీసు గోడకు ఒక నోటీసు అతికించారు. ఎవరి పని మీద వాళ్లే రావాలి, ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడడానికి రాకూడదు, ఉద్యోగులు ఎవరి దగ్గరా కానుకలు తీసుకోకూడదు. ఈ సంగతి నాకు ఆ ఇంటి డ్రైవరు చెప్పాడు. నిజామాబాద్ జిల్లా మనిషి. కూరగాయల సంచులు వంటింటి తలుపు దగ్గర దించుతూ ఊరి కబుర్లన్నీ నాకు చేరవేసేవాడు.

"ఇగ సారు దగ్గర సిఫారసులు నడువయ్ అక్కా," అన్నాడు. "సర్కారోళ్లు గట్టిగ రాసిండ్రు."

గట్టిగానే రాశారు. మరుసటి వారం నుంచి ఆఫీసుకు రావలసిన మగవాళ్లకు బదులు వాళ్ల భార్యలు, తల్లులు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. సాయంత్రం పూట అసర్ నమాజు అయ్యాక పక్క వాకిలిలో చెప్పులు విడిచి, యజమాని భార్య మేడం గదిలో తివాచీ మీద చేరేవాళ్లు. పిల్లల గురించి, ధరల గురించి కాసేపు మాట్లాడుకునేవాళ్లు. ఆ తర్వాత ఎవరో ఒకరు మేడం పక్కకు జరిగి చెవిలో గుసగుసలాడేవాళ్లు. ఆ పూటకు ముందో వెనకో ఖర్జూరం పెట్టె, అత్తరు సీసా, ఊదు చెక్కల సంచీ వంటింటి తలుపు దగ్గర నా చేతికి వచ్చేవి. నోటీసులో ఉద్యోగి అని రాశారు గానీ ఉద్యోగి పెళ్లాం అని రాయలేదు. పనిమనిషి అని అసలే రాయలేదు. కానుకలు తీసుకున్నది ఎవరని అడిగితే చూపించడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ గదిలో గహ్వా పోయడం నా పని. గహ్వా అంటే వాళ్ల కాఫీ. పాలు, చక్కెర ఉండవు, యాలకుల ఘాటు మాత్రం ఉంటుంది. ఎడమచేత్తో కూజా, కుడిచేతిలో చెవుల్లేని చిన్న చిన్న కప్పులు పట్టుకుని నిలబడే పోయాలి. తాగినామె కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకపోతే మళ్లీ పోయాలి. పోసే మనిషి మాత్రం కూచోకూడదు.

ఒకరోజు కొండ కింది పల్లె నుంచి ఒక ముసలామె వచ్చింది. చేతిలో పెట్టె లేదు, సీసా లేదు. వంటింటి వైపు తొంగి కూడా చూడలేదు. నేను పోసిన కప్పు తీసుకుని, తాగకుండా, తివాచీ మీద తన ముందు పెట్టుకుంది. గహ్వాలో ఈగ పడిందేమో అనుకుని నేను గబుక్కున వంగి ఆ కప్పు తీసేశాను. వేరే కప్పు నింపబోతుంటే గదిలో ఆడవాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు.

"పెట్టు! ఎక్కడ తీశావో అక్కడే పెట్టు!" అని మేడం అరిచింది.

ముసలామె నవ్వి, నా చేతిలోంచి కప్పు తీసుకుని మళ్లీ అక్కడే పెట్టుకుంది. పక్కింటివాడు పలుకుబడి చూసుకుని తన దారికి అడ్డంగా గోడ కట్టాడనీ, దాన్ని తీయించాలనీ అందరూ వినేలా చెప్పింది. మేడం అటు చూసింది, ఇటు చూసింది. చివరికి, "తాగమ్మా, నీ పని నా మీద వేసుకుంటాను," అంది. అప్పుడు ముసలామె ఆ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది.

నేను గిన్నెలు కడుగుతుంటే మేడం వచ్చి విషయం చెప్పింది. అతిథి కప్పు కింద పెట్టిందంటే ఏదో అడగబోతున్నట్టు. పని చేస్తానని ఇంటివాళ్లు మాట ఇచ్చేదాకా తాగదు. తాగకుండా లేచి వెళ్లిపోతే ఆ ఇంటికి తలవంపులు. అలాంటి కప్పును ఇంకొకరు ముట్టుకోకూడదు. కొద్దిరోజులకు ఆ గోడ కూలగొట్టారని డ్రైవరు చెప్పాడు. నాకు ఆ ముసలామె తెగ నచ్చింది. మిగతావాళ్లు చెవుల్లో అడిగి చాటుగా చేయించుకునే పనిని ఈమె పదిమందిలో అడిగి, పదిమంది ముందే జవాబు తీసుకుంది.

నా రెండేళ్ల కాంట్రాక్టు అయిపోవచ్చిన రోజుల్లో ఇరాక్ కువైట్ మీద పడింది. రియాద్ మీదికి క్షిపణులు వస్తాయని, కొండల దాకా రావని మేడం చెల్లెళ్లు పిల్లాపాపలతో మా ఇంటికొచ్చి దిగారు. కిటికీలకు టేపులు అంటించాం. పైన యుద్ధవిమానాలు పోతుంటే కింద నేను అన్నం గుండిగలు తోముతూ ఉన్నాను. అప్పుడు ఎగ్జిట్, అంటే దేశం విడిచి పోవడానికి కఫీల్ ఇప్పించాల్సిన అనుమతి, అడిగితే, "యుద్ధంలో ఎక్కడికి పోతావు?" అంది మేడం. అది సబబుగానే తోచి ఊరుకున్నాను.

యుద్ధం ఆగింది. చెల్లెళ్లు రియాద్ వెళ్లిపోయారు. రంజాన్ కానీ అంది మేడం. రంజాన్ అయ్యాక హజ్ కానీ అంది. హజ్ అయ్యాక, వేసవికి చల్లటి ఊరని మళ్లీ చుట్టాలొస్తారు, వాళ్లు పోనీ అంది. కఫీల్‌తో నేను నేరుగా మాట్లాడే వీల్లేదు. లేబర్ ఆఫీసుకు పోయి చెప్పుకోవాలంటే నన్ను కారెక్కించి తీసుకుపోవలసింది ఆ కఫీలే. ఎవరి పని మీద వాళ్లే రావాలని గోడకు నోటీసులు అతికించిన దేశంలో నా పని మీద నేను గడప దాటడానికి లేదు.

డ్రైవరు నా గొడవ విని ఒక ఉపాయం చెప్పాడు. అది అతని సొంత ఉపాయమేమీ కాదు, మనవాళ్లంతా చేసేదే.

"ఇంటికెల్లి టెలిగ్రాం ఏపియ్యి అక్కా. అమ్మ సీరియస్, జల్ది రమ్మని. దెబ్బకు ఇడిసిపెడ్తరు. అందరు గట్లనే పోతుండ్రు."

"మాయమ్మ రాయి మాదిరి ఉండాది తమ్ముడా. ఆయమ్మను యాల మంచాన పడేయాల?"

"ఉత్తగనే గద అక్కా. కాయితం మీద."

"కాయితం మీద గూడా వద్దు. నా కాంట్రాక్ట్ అయిపాయ, నేను పోతాండా. దానికి మాయమ్మ సీరియస్ కావాల్నా?"

అతను తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. మొండిదాన్నని అతను అనుకుని ఉండొచ్చు. అనుకోనీ. ఎందుకు పోవాలనుకుంటున్నావని మేడం అడిగింది, ఆమె చెల్లెళ్లు అడిగారు, ఆఖరికి వాళ్ల పిల్లలు కూడా అడిగారు. నా ఇంటికి నేను పోవడానికి కారణం కావాలా? నా భాషలో గట్టిగా అరిచి ఎన్నాళ్లయిందో, నా గొంతు ఎలా ఉంటుందో నాకే మరుపొచ్చింది. అది చాలదా? ఆ ఇంట్లో నన్ను కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టకుండా మాడ్చలేదు. అయినా సరే, నేను ఉండను.

వేసవి చుట్టాలు పోయారు. కొండల మీదికి మంచు దిగిన ఒక సాయంత్రం మేడం గది నిండా ఆడవాళ్లు ఉన్నారు. ఆ పొద్దున్నే మేడం నాతో, కొత్త మనిషి దొరకనీ, అప్పుడు చూద్దాం అంది. ఎప్పటిలాగే కూజా పట్టుకుని వచ్చాను. అందరికీ పోశాను. ఆఖర్న చేతిలో ఒక కప్పు మిగిలింది. దాన్ని కూడా నింపాను. కూజా పక్కన పెట్టి, తివాచీ అంచున కూచుని, ఆ కప్పు నా ముందు పెట్టుకున్నాను.

మూడేళ్లలో ఆ గదిలో నేను కూచోవడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే భయం వేసింది. కానీ లేవలేదు.

"ఏమైంది, కళ్లు తిరుగుతున్నాయా?" అంది మేడం.

"లేదు మేడం. నాకొక అవసరం ఉంది," అన్నాను నాకొచ్చిన వంటింటి అరబ్బీలో. "నా ఎగ్జిట్ కావాలి."

మేడం పక్కన కూచున్న ఒకామె మూతి విరిచి, "కప్పు పెట్టడం అతిథులకు. పనిమనిషికేమిటి?" అంది. మేడం మెత్తగా, "నీకేం తక్కువ చేశాం? కూతురిలా చూసుకోలేదా?" అంది.

ఆ మాటతో నా భయం కాస్తా ఎగిరిపోయింది.

"కూతురినైతే నా పాస్‌పోర్టు బీరువాలో ఎందుకుంది మేడం? అతిథినైతే నా కప్పుకు జవాబు చెప్పండి. పనిమనిషినైతే నా కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. నేను ఈ ముగ్గురిలో ఎవరో మీరే చెప్పండి."

మూలన కూచున్న ఒక పడుచామె కిసుక్కున నవ్వింది. "కూతుళ్ల పాస్‌పోర్టులు కూడా మగవాళ్ల బీరువాల్లోనే ఉంటాయి," అంది. ఇంకొకామె నవ్వింది. ఆ తర్వాత నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ కప్పు ఊపలేదు, ఇంకాస్త పొయ్యమని అడగలేదు, లేచి వెళ్లలేదు. అందరూ మేడం వైపే చూస్తున్నారు. నా కప్పులోంచి ఆవిరి రావడం కూడా ఆగిపోయింది. మేడం మొహం కందిపోయింది.

"తాగు," అంది చివరికి.

"ఎప్పుడు మేడం?"

"ముందు తాగమన్నాను కదా!"

"ఎగ్జిట్ ఎప్పుడు అని అడుగుతున్నాను."

"వచ్చే శుక్రవారం లోపల. ఇందరి ముందు చెబుతున్నాను, చాలా?"

చాలు. తాగాను. చల్లారిపోయి, చేదుగా ఉంది. అంత రుచిగల గహ్వా ఆ ఇంట్లో నేనెప్పుడూ పోయలేదు.

మేడం మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ తర్వాత నాతో పలకలేదు. వెళ్లే రోజు డ్రైవరు అలవాటు ప్రకారం కారు వంటింటి వెనక పెట్టాడు. పక్క వాకిలికి తెమ్మన్నాను. అతిథులు చెప్పులు విడిచే చోట చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాను.

ఆ తర్వాత సెలవు మీద నిజామాబాద్ వచ్చినప్పుడు డ్రైవరు మా వీధి చివర ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి నన్ను పిలిపించాడు.

"నీ వల్ల ఇంట్ల కొత్త రూలు వచ్చింది అక్కా," అన్నాడు నవ్వు ఆపుకోలేక. "ఎంతమంది కూసుంటే గన్నే కప్పులు. పోసేటామె చేతిల ఒక్కటి ఎక్కువుండద్దంట."

నేను కూడా బూతులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను. కొన్ని దేశాల్లో ఒకరి తరఫున ప్రభుత్వం దగ్గర మాట్లాడేవాళ్లు ఎవరి కోసం మాట్లాడుతున్నారో, ఏం అడుగుతున్నారో ముందే రాసివ్వాలని చట్టం ఉందట. టీవీలో ఎవరో చెబుతుంటే విన్నాను. మంచిదే. మా ఊళ్లో నాయకుడి ఇంటి ముందు పొద్దున్నే చేరే జనాన్ని, వెనక గేటు నుంచి లోపలికి పోయే పళ్ల బుట్టల్ని చూసినప్పుడు ఆ చట్టం ఇక్కడ కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది. కానీ వెనక తలుపు దగ్గర నిలబడే మనిషి గురించి వాళ్లు కూడా ఏం రాసి ఉండరు. ఆ మనిషికీ ఒక అవసరం ఉంటుందని ఎవరికి తడుతుంది?

ఇప్పటికీ మా వైపు నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి పోయే ఆడపిల్లలు విమానమెక్కే ముందు ఒకసారి మా ఇంటికొస్తారు. టెలిగ్రాముల కాలం పోయింది, ఇప్పుడు ఫోన్లలో తల్లుల్ని మంచాన పడేస్తున్నారు. అలా వద్దని చెప్పి, కప్పు సంగతి చెబుతాను. మొన్న ఒక పిల్ల, ఆ ఇంట్లో మాదిరి కప్పులు లెక్కపెట్టి ఇస్తే ఏం చేయాలని అడిగింది.

"కప్పులు లెక్కబెడితే గ్లాసు బెట్టు పాపా," అన్నాను. "గ్లాసు గూడా ఈకపోతే ఉత్త చెయ్యి బెట్టు. కూసునేది మాత్రం ఇడ్సొద్దు."