తీతువు గుడ్లకు కాపలా

మా అత్తగారికి ఏదైనా నచ్చిందంటే, అది ఇంట్లో మిగతా అందరికీ విసుగు పుట్టేదాకా వదలరు. ఈ మాట మా ఆవిడ ముందు అనలేను కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

అత్తగారు బాపట్లలో మిషన్ స్కూలు టీచరుగా రిటైరయ్యారు. మామయ్య గారు పోయాక తార్నాకలో మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో క్రోషియా అల్లిక. టీవీకి, ఫ్రిజ్జుకి, చివరికి మంచినీళ్ళ ఫిల్టరుకి కూడా తెల్లటి లేసు ముసుగులు పడ్డాయి. దాహం వేస్తే ముందు ముసుగు ఎత్తాలి. అది సద్దుమణిగాక కీబోర్డు. రోజూ నేను గడ్డం గీసుకునే వేళకు ఒకే కీర్తన, అదీ మొదటి చరణమే. ఒకచోట వేలు తప్పేది, మళ్ళీ మొదటికొచ్చేవారు. ఆ తర్వాత తడిచెత్తతో ఎరువు. పాత పెయింటు బకెట్లకు కన్నాలు పొడిచి బాల్కనీలో వరసగా పెట్టారు. వాన పడ్డ రోజున వాటిలోంచి కారిన నల్లటి నీళ్ళు కింది ఫ్లాటు వాళ్ళు ఆరేసుకున్న దుప్పటి మీద పడ్డాయి. అపార్టుమెంటు మీటింగులో తల వంచుకుని నిలబడింది నేను. ఆవిడ మాత్రం, "వాళ్ళకీ ఒక బకెట్టు ఇద్దాం బాబూ, అలవాటైపోతుంది" అన్నారు.

నేను పనిచేసేది యూనివర్సిటీలో, పరీక్షల విభాగంలో. షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే పొద్దున్నే క్యాంపస్‌లో నడక మొదలుపెట్టాను. ఆ కాసేపైనా ఒంటరిగా ఉండొచ్చని ఆశ. నెల తిరక్కుండా అత్తగారు కాన్వాసు బూట్లు కొనిపించుకుని స్కూటరు పక్కన నిలబడ్డారు.

ఎండలు ముదురుతున్న రోజులు. హాస్టళ్ళ వెనక మట్టి మైదానం అంచున నడుస్తుంటే ఒక పిట్ట గోల పెడుతూ మా నెత్తి మీదికి దూకింది. పొడుగాటి పసుపుపచ్చ కాళ్ళు, కంటి ముందు ఎర్రటి తోలు. తీతువు. నేను తల కాచుకుంటూ పక్కకు పరిగెత్తాను. ఆవిడ మాత్రం నేలకేసి చూస్తూ ఆగిపోయారు. గులకరాళ్ళ మధ్య, గూడు అనడానికి కూడా లేని చిన్న గుంటలో, అచ్చం రాళ్ళలాగే మచ్చలున్న నాలుగు గుడ్లు.

"ఎవరైనా తొక్కేస్తారు బాబూ."

"దానికి తెలీదా అత్తయ్య గారూ? ఏటా పెడుతూనే ఉంటుంది కదా."

"ఏటా తొక్కేస్తున్నారేమో. మీరు చూశారా?"

చూడలేదు. అదే నా పాలిట శాపమైంది. మర్నాటి నుంచి నా నడక ఆగిపోయింది. స్కూటరు మీద నా వెనక అత్తగారు, ఆవిడ ఒళ్ళో ప్లాస్టిక్ స్టూలు, ముందు నా కాళ్ళ మధ్య కర్రలు, తాడు. గుడ్ల చుట్టూ దూరంగా కర్రలు పాతి తాడు కట్టింది నేనే. దారిలో ఎదురైన మా ఆఫీసు వాళ్ళు "ఏం సార్, పిక్నిక్కా?" అని నవ్వారు. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని కింది ఫ్లాటావిడ భయపెట్టబోతే, అత్తగారు "అది అరిచేది దాని పిల్లల కోసమమ్మా, మన కోసం కాదు" అని పంపేశారు. మా ఆవిడతో మొరపెట్టుకున్నాను. "పాపం, అమ్మకి పొద్దుపోవాలి కదండీ" అంది. నా పొద్దు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆదివారం హాస్టలు కుర్రాళ్ళు క్రికెట్‌కి వచ్చారు. వాళ్ళ కెప్టెన్ తాడు చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏందమ్మా గిది? మేము ఎప్పుడూ గీడనే ఆడ్తం."

"ఆడుకోండి నాన్నా. బంతి ఇటు కొడితే మాత్రం అవుట్."

"గట్లెట్లయితది? సిక్స్ కొట్టినా అవుటేనా?"

"సిక్సైతే నువ్వూ అవుట్, నీ తర్వాత వచ్చేవాడూ అవుట్."

"అంకుల్, మీరన్నా చెప్పున్రి!"

నా సానుభూతంతా అతని మీదే. కానీ వంగి, వదులైన తాడు ముడి బిగించాను. కాసేపు గొణుక్కుని వాళ్ళు వికెట్లు పీకి మైదానం అవతలి వైపు పాతుకున్నారు.

ఫలితాల పనిలో తల మునకలుగా ఉన్న ఒక మధ్యాహ్నం అత్తగారి ఫోన్. "బాబూ, ట్రాక్టరొచ్చింది. నేను దాని ముందు నిలబడ్డాను." ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, ఆ ఎండలో ఆటో ఎక్కి వెళ్ళారట. పై అధికారికి ఏదో కడుపునొప్పి అని చెప్పి పరిగెత్తాను.

ఏదో ఉత్సవానికి మైదానం చదును చేస్తున్నారు. సూపర్‌వైజరు చేతులు జోడించాడు.

"సార్, మీ అమ్మనా? జర జెప్పున్రి సార్. సాయంత్రం లోపల సాఫ్ చెయ్యాలె, రేపు షామియానా వేస్తరు."

"అమ్మ కాదు, అత్తగారు" అన్నాను. అతను నా వంక జాలిగా చూశాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ మీద గొంతు పెంచాను. "చాలు అత్తయ్య గారూ! ఈ గుడ్ల కోసం నా ఉద్యోగం పోగొట్టేలా ఉన్నారు. ఇంటికి పదండి!"

ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని, కందిపోయిన మొహంతో అలాగే నిలబడ్డారు. ఆవిడ వెనక, గుడ్ల ముందు, తీతువు రెండు రెక్కలూ బార్లా చాపి ట్రాక్టరు మీదికి అరుస్తోంది. దాని ఎత్తు ఆ చక్రంలో పావు వంతు కూడా లేదు. నాకు కోపం తగ్గలేదు కానీ, ఆవిడను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడం మాత్రం చేతకాలేదు.

"షామియానా కొంచెం అటు జరపలేరా?" అని సూపర్‌వైజరును అడిగాను.

"నా చేతుల లేదు సార్. ఇంజినీరు సాబ్ చెప్పాలె."

ఎవరినీ ఏదీ అడగడం ఇష్టంలేని నేను ఇంజినీరు గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. "పిట్ట కోసమా?" అని ఆయన నవ్వి, పక్క గదిలో వాళ్ళను కూడా పిలిచి నా చేత మళ్ళీ చెప్పించాడు. అంతా నవ్వాక ఫోన్ తీసి, షామియానా జరపమన్నాడు.

సాయంత్రానికి అత్తగారికి ఎండదెబ్బ తగిలి జ్వరం. "మీరుండి ఏం చేస్తున్నారు?" అని మా ఆవిడ నన్నే నిలదీసింది.

అత్తగారు మంచం మీంచే పురమాయిస్తే, ఆ జ్వరం రోజుల్లో కాపలాకి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఒక పొద్దున గుంట ఖాళీగా ఉంది. పెంకు ముక్క కూడా లేదు. కుక్కల పనే అనుకున్నాను. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తోచలేదు. అంతలో తీతువు తల మీదికి దూకింది. తాడు అవతల ఒక రాయి కదిలింది. రాయి కాదు, అగ్గిపుల్లల్లాంటి కాళ్ళ మీద పిల్ల. దాని పక్కన ఇంకొకటి, కొంచెం ఎడంగా మరొకటి. ఫోన్ తీసేలోపు మూడూ నేలకు కరుచుకుపోయి మళ్ళీ రాళ్ళైపోయాయి.

పరుగున వెళ్ళి చెప్పాను. అత్తగారు లేచి కూర్చున్నారు.

"ఫోటో ఏది?"

"తీసేలోపే దాక్కున్నాయండీ."

"నాలుగోది?"

"కనపడలేదు."

"సరిగ్గా చూసుండరు."

మర్నాడు జ్వరం తగ్గీ తగ్గకముందే బయల్దేరదీశారు. తాడు దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, వెనకనుంచి కేక. "ఆగండి బాబూ! కదలకండి. కాళ్ళ కింద ఉంటాయి!"

ఒక కాలి మడమ గాలిలో ఉండగానే బిగుసుకుపోయాను. తీతువు నా జుట్టు తగిలేలా ఇటూ అటూ ఎగురుతోంది. జేబులో ఆఫీసు ఫోన్ మోగుతోంది.

"ఎంతసేపండీ?"

"ఉండండి, వెతుకుతున్నాను... అదిగో! నాలుగోది!"

"ఎక్కడ?"

"మీ వెనకాలే. తిరగకండి."