మా బాబాయిగారి చెరువు గట్టు

బాబాయిగారు పోయారు. పొద్దున్నే పిన్నిగారు ఫోన్ చేసి, "మీ బాబాయిగారు లేరమ్మా" అని ఫోన్ పెట్టేశారు. మాకు చుట్టరికమేమీ లేదు. మలికిపురం దగ్గర ఆయన చేపల చెరువు మీద మూడేళ్లు బావురుపిల్లుల గురించి పరిశోధన చేశాను. నీళ్లలో దిగి చేపలు పట్టుకునే ఆ పిల్లులు ఇప్పుడు అరుదైపోయాయి. వాళ్లింట్లో భోంచేస్తూ భోంచేస్తూ వరస కలిసిపోయింది.

తన చేపలు తినే జంతువుని ఎవరైనా కాపాడతారా? ఈయన కాపాడారు. "తిననివ్వండమ్మాయిగారూ, దానికి మాత్రం మార్కెట్టుందా ఏవిటండీ?" అనేవారు. బురదలో అడుగు కనబడితే, నేను వచ్చి కొలిచేదాకా చెరగకుండా కొబ్బరిచిప్ప బోర్లించేవారు. చిప్ప తీసి చూపించేటప్పుడు ఆ ముఖం చూడాలి!

కాలువ పక్క పిల్లులు దాక్కునే జమ్ముగడ్డి నరికించాలా, వాటి కోసం ఉంచాలా అని తేల్చడానికి ఒకసారి అధికారులు వస్తామన్నారు. గట్టు మీది అడుగులే నాకు ఆధారం. తీరా వెళ్లేసరికి గట్టంతా ఊడ్పించి, కళ్లాపి జల్లించి, ముగ్గు కూడా వేయించారు. "పెద్దవాళ్లు వస్తున్నారు కదండీ, అలా వదిలేస్తే ఏం బాగుంటుందని చేయించేనండి" అన్నారు నవ్వుతూ. ఒక్క అడుగు మిగల్లేదు.

నా నోరు మంచిది కాదు. అందరి ముందూ అరిచాను. "మీకేం తెలుసని చెయ్యి పెట్టారు? మీరు గట్టెక్కితేనే నా పని పాడవుతోంది!" అన్నాను. కూతురి వయసుదాన్ని, నా ముందు తలొంచుకుని, "ఆయ్, తప్పైపోయిందండి" అన్నారు. మధ్యాహ్నం మామూలుగానే పక్కన కూర్చోబెట్టి పులుసు వడ్డించారు. ఆధారం లేదని అధికారులు జమ్ము సగం నరికించేశారు. ఆయన్ని క్షమాపణ అడగాలి, అడుగుదాంలే అనుకుంటూ ఏడాది గడిపేశాను. సిగ్గులేనిదాన్ని.

పదో రోజున వెళ్లినప్పుడు, నెల కిందట నేను గట్టు మీద కట్టిన, ఏది కదిలినా దానంతటదే ఫోటో తీసే కెమెరా విప్పి తెచ్చి, పిన్నిగారి పక్కన కూర్చుని ఫోటోలు చూశాను. తల్లి బావురుపిల్లి, వెనకే రెండు కూనలు. ఆ తర్వాత ప్రతి ఉదయం బాబాయిగారు. గట్టు మీద కాదు, పక్కన నీళ్లలో.

"నువ్వు కోప్పడిన కాణ్ణించీ గట్టెక్కడం మానేసేరమ్మా. అడుగులు చెరిగిపోతాయంట. ఈ వయసులో నీళ్లలో నానద్దండీ అంటే వినేవారా?" అన్నారు పిన్నిగారు.

నేను ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చేశాను.

చివరి ఫోటో ఆయన పోవడానికి రెండు రోజుల ముందుది. గట్టు పొడిగా, వెడల్పుగా ఉంది. ఆ పక్కనే మొలలోతు నీళ్లలో, చెప్పులు చేత్తో పట్టుకుని, బాబాయిగారు నడుస్తున్నారు.