ఊరందరినీ పరిగెత్తించిన మా అత్త

పోయిన వారం మా అత్త చనిపోయింది. కబురు తెచ్చింది మా ఊరి బరికి, ఊళ్ళో చాటింపులూ పిలుపులూ చూసే మనిషి. కొండ దిగువ ఊళ్ళో నేను బడి చెబుతుంటాను. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుండగా అతను గుమ్మంలో నిలబడి, తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, "మాస్టరు బాబూ, మీ యత్త ఎల్లిపోనాది" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాను. కాలు ఒకచోట నిలవని మనిషి గురించి అలా చెబితే ఏ సంతకో అనుకుంటాం. అతను చంకలోని తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పిల్లలు ఎక్కాలు ఆపేశారు.

జమీందార్లు పోతే, ప్లీడర్లు పోతే పత్రికలవాళ్ళు చుట్టూ నల్ల గీత గీసి మరీ వేస్తారు. అనంతగిరి ఘాటు మీద పసుపు గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచిన ముసలమ్మ పోతే ఎవరు వేస్తారు? నేనే రాసుకోవాలి. 'పరమపదించారు' లాంటి మాటలు ఆమెకు నప్పవు, నాకు రాయబుద్ధి కాదు. ఆమె చనిపోయింది. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ రెండూ ఇంకా తగ్గలేదు.

అత్త మా నాన్నకు అక్క. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మా వైపు ఆడవాళ్ళలాగే చుట్ట నిప్పు కొన లోపలికి పెట్టుకుని కాల్చేది. నిప్పు నోట్లో ఉండగానే తిట్టేది, నవ్వేది, దారిన పోయేవాణ్ణి ఆపి వాళ్ళ ఊరి సంగతులన్నీ రాబట్టేది. "సచ్చినోడా" అని పిలిచిందంటే ముద్దు చేస్తోందని అర్థం. "బాబూ" అందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. నన్ను బడికి పంపిందీ ఆమే. "సదువుకో. ఆళ్ళు ఏటి రాత్తన్నారో మనోళ్ళలో ఒక్కడికైనా తెలాల" అంది. నేనిప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మాట వల్లే.

గంప దించడానికి ఎవరైనా చెయ్యి వేయబోతే ఊరుకునేది కాదు. "నా గంప నాను మోత్తాను, నీది నువ్వు మొయ్యి" అనేది. వినేవాళ్ళకు పొగరుగా ఉండేది. ఆ పొగరు వెనక ఒక చావు ఉంది.

మైదానం పాఠకులకు మా వెట్టి సంగతి కొంచెం చెప్పాలి. సర్కారు మనిషి ఎవరు కొండకు వచ్చినా వారి పెట్టెలు, మంచాలు, కుర్చీలు మేము మొయ్యాలి. ఒక్కోసారి డోలీలో వారినే మొయ్యాలి. కొండ ఊళ్ళ మీద సర్కారు పెట్టిన ముఠాదారు మాట పంపుతాడు, బరికి ఇంటింటికీ వచ్చి మనిషిని పిలుస్తాడు. కూలి లేదు. చేలో సామలు రాలిపోతున్నా, ఇంట్లో పురిటి మంచం ఉన్నా రానని అనడానికి లేదు. మా మావ, అంటే అత్త పెనిమిటి, ఒక వానాకాలం ఎవరిదో ఇనప పెట్టె మోస్తూ ఘాటు మలుపులో జారి లోయలో పడ్డాడు. ముందు పెట్టెను పైకి తీశారట. తర్వాత మనిషి కోసం వెతికారట. అత్త నాకీ సంగతి ఒక్కసారే చెప్పింది, కన్ను తడి కాకుండా చెప్పింది. ఏడ్చింది నేను.

కొండల్లో లేచిన తిరుగుబాటు, అదే పితూరీ, అణిగి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొండల్లో ఎవరు గట్టిగా దగ్గినా పోలీసులు వచ్చి వాలే రోజులు. ఆ శీతాకాలం అనంతగిరి బంగ్లాలో దిగిన ఒక దొరకు సరదా పుట్టింది. కొండ కింద గేటు దగ్గర నుంచి బంగ్లా దాకా రోడ్డు మీద పరుగు పందెం పెట్టాడు. కానిస్టేబుళ్ళు, కాఫీ తోటల గుమాస్తాలు, పట్నం కాలేజీ కుర్రాళ్ళు, ఎవరైనా రావచ్చు. బరికి మా ఊళ్ళో టముకు వేసి ఈ సంగతి చాటాడు. చాటి, టముకు కింద పెట్టి, అసలు సంగతి మామూలు గొంతుతో చెప్పాడు. పందేనికి కుర్చీలు, డేరాలు, సోడా పెట్టెలు పైకి చేర్చాలి. ఇంటికొక మనిషి రావాలి.

అత్త అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

"పరిగెట్టేవోడు మోత మోత్తాడేటి?" అని అడిగింది.

"ఎలా మోత్తాడప్పా? ఆడు పరిగెట్టాల కదా" అన్నాడు బరికి.

"అయితే మా ఊరోళ్ళందరం పరిగెడతాం. పోయి సెప్పు."

బరికి నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు. మా నాన్న మాత్రం గాభరాగా అక్క దగ్గరికి వచ్చాడు. "దొరతో ఎకసెక్కాలేటప్పా? జైల్లో ఏసెత్తారు" అన్నాడు.

అత్త చుట్ట తీసి బూడిద దులిపింది. "మొయ్యం అంటే పితూరీ అంతారు. పరిగెడతాం అంటే ఏటంతారో సూద్దాం" అంది.

ఆ మాట బంగ్లా దాకా పోయింది. రెండో రోజు బంగ్లా గుమాస్తా స్వయంగా వచ్చాడు. ఊరి మగవాళ్ళంతా పేర్లివ్వడం చూశాడు. అత్త ఇంట్లో మగవాడు లేడు కాబట్టి ఆమె తన పేరే ఇచ్చింది. "ఆడదానికి పరుగేమిటి?" అన్నాడు గుమాస్తా. "మోతకి పిలిసినప్పుడు ఆడా మగా సూసినారా, బాబూ?" అంది అత్త. బాబూ అనగానే మేమంతా నేల చూపులు చూశాం. అతను ముఖం గంటు పెట్టుకుని వెళ్ళి, దొర మాటగా ఒక షరతు పట్టుకొచ్చాడు. పేరిచ్చిన ప్రతి ఒక్కరూ మధ్యాహ్నం బంగ్లా గంట కొట్టేలోగా పైకి చేరాలి. ఒక్కరు దారిలో ఆగిపోయినా ఇదంతా వెట్టి ఎగ్గొట్టడానికి ఆడిన నాటకమని తేలినట్టే. అప్పుడు ఏడాది పొడవునా ఆ రోడ్డు మీద మోతలన్నీ మా ఊరివే.

కొండవాళ్ళు పుడుతూనే పరిగెడతారని మైదానంలో ఒక నమ్మకం ఉంది. ఉత్తమాట. మేము నడుస్తాం. ఎంత దూరమైనా నడుస్తాం గానీ, ఊరికే పరిగెత్తే అలవాటు మాకెక్కడిది? కుర్రవాళ్ళం మేం ఎలాగో చేరతాం. మా నాన్న మోకాలి సంగతేమిటి? ఊళ్ళో పెద్దవాళ్ళ సంగతేమిటి? మాకు కావలసింది ముందు చేరే ఒక్కడు కాదు, చివర మిగిలిపోయేవాడు లేకపోవడం.

మా వైపు దూరాన్ని ఆకుతో కొలుస్తారు. పచ్చి రెమ్మ విరిచి చేత పట్టుకుని బయలుదేరితే, అది వాడిపోయేంత దూరం ఒక కోసు. అత్త ఆ కొలతనే మా చేతికిచ్చింది. రోజూ మధ్యాహ్నం పనులు కాగానే తలా ఒక తంగేడు రెమ్మ పట్టుకుని గేటు దగ్గర నుంచి బయలుదేరేవాళ్ళం. సగం దారికి ఆకు తల వాల్చాలి. ఇంకా పచ్చగా ఉందంటే వాడు తొందరపడుతున్నాడన్నమాట, పైకి చేరేసరికి పడిపోతాడు. అత్త సగం దారి మలుపులో నిలబడి రెమ్మలు చూసేది. "పచ్చగుంటే తగ్గు, వాడిపోతే బేగి నడు" అనేది. నా రెమ్మ ఎప్పుడూ పచ్చగానే ఉండేది. "ఎవుడు తరుముతన్నాడ్రా నిన్ను, అప్పులోడా?" అని నలుగురిలో పరువు తీసేది. పరిగెడుతూ పక్కవాడితో మాట్లాడమనేది. మాట రాకపోతే ఊపిరి మించిపోయిందని గుర్తు. అలా మేము ఊరి తగాదాలన్నీ ఆ రోడ్డు మీదే తీర్చుకున్నాం, కొత్తవి పెట్టుకున్నాం. అత్త కూడా చీర బిగించి మా వెనకే వచ్చేది. నోట్లో చుట్ట మాత్రం తీసేది కాదు.

పందెం రోజు తెల్లారేసరికి మంచు. గేటు కనిపించదు, నాలుగడుగుల అవతల మనిషి కనిపించడు. తుపాకీ పేలింది. కానిస్టేబుళ్ళు, కాన్వాసు జోళ్ళ కాలేజీ కుర్రాళ్ళు దూసుకుపోయారు. వెళుతూ మా చేతుల్లో రెమ్మలు చూసి నవ్వారు. మేము మా పద్ధతిలో బయలుదేరాం. సగం దారికి వచ్చి ఆకు చూసుకున్నాం. అప్పుడే విరిచినట్టు పచ్చగా ఉంది. తొందరపడుతున్నాం అనుకుని తగ్గాం. ఇంకొంత దూరం వెళ్ళి చూశాం. పచ్చగానే ఉంది. ఇంకా తగ్గాం. చివరికి సంతకు పోతున్నట్టు నడుస్తున్నాం. "నా మోకాలు బాగుపడిపోనాదిరా" అని మా నాన్న సంబరపడ్డాడు. పొద్దెక్కడుందో ఎవరికీ తెలియదు.

వెనక నుంచి అత్త కేక వినిపించింది. రెమ్మను చెంపకు ఆనించుకుని నిలబడిపోయింది. ఆకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఓలమ్మో, మంచురా! ఆకు మంచు తాగేత్తన్నాది, ఎలా వాడతాది? ఒగ్గేయండ్రా ఆకులు! పరిగెట్టండి!"

మేము రోజూ కొలుచుకున్నది మధ్యాహ్నపు ఎండలో. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. అయినా ఎవరూ రెమ్మ వదల్లేదు. మా వాళ్ళు దారిలో రెమ్మ పారేయరు, కనుమ మీద అమ్మవారి రాయి దగ్గర పెడతారు. నడిదారిలో పారేస్తే తల్లికి కోపం వస్తుందని భయం. అత్త అందరికంటే ముందు తన రెమ్మ లోయలోకి విసిరింది. "తల్లితో నాను సెప్పుకుంతాను. తిడితే నన్నే తిడతాది. మీరు పరిగెట్టండి!" అని అరిచింది.

అప్పుడు పరిగెత్తాం. మాటల్లేవు, తగాదాల్లేవు, ఊపిరి శబ్దం ఒక్కటే. ముసలివాళ్ళ నడుముల వెనక కుర్రవాళ్ళ చేతులు పడ్డాయి. కనుమ దాటాం. బంగ్లాకు ఇంకొంత దూరం ఉందనగా మా నాన్న మోకాలు మడతపడి కూలబడ్డాడు. నేను వంగి వీపు చూపించాను. ఆ వీపు మీదే అత్త చరిచింది. "మొయ్యకు! ఇయాల ఎవుడూ ఎవుణ్ణీ మొయ్యకూడదు" అంది. తర్వాత మా నాన్న ముందు గొంతుక్కూర్చుంది. తిట్టలేదు, మెల్లగా అంది. "ఒరే తమ్ముడా, మీ బావ పడిపోనాది ఈ మలుపులోనే. ఇక్కడ నిన్ను ఆగనిత్తానేటి? లెగు."

మా నాన్న లేచాడు. అత్త భుజం పట్టుకుని, ఒంటి కాలి మీద గెంతుతూ, చంటిపిల్లాడిలా ఏడుస్తూ ఆ మలుపు తిరిగాడు. బంగ్లా బంట్రోతు గంట కొట్టడానికి చెయ్యి ఎత్తి ఉన్నాడు. మేమంతా పైన ఉన్నాం.

కప్పు ఎవరో కానిస్టేబులుకు ఇచ్చారు. నాకు గుర్తున్నది అది కాదు. మోసేవాళ్ళు లేక కుర్చీలన్నీ కింద గేటు దగ్గరే ఉండిపోయాయి. దొర, గుమాస్తా, వచ్చిన పెద్దమనుషులు ఆ పూటంతా నిలబడే ఉన్నారు. మేము గడ్డి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. అంత సుఖంగా నేను ఇంకెప్పుడూ కూర్చోలేదు.

దొర మాట తప్పలేదు, ఆ పందెం మోత గానీ, బెదిరించిన ఏడాది మోత గానీ మా మీద పడలేదు. మరుసటి ఏడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ పేర్లిచ్చేసరికి దొరకు సరదా తీరిపోయి పందెం ఎత్తేశాడు. వెట్టి పోయిందని రాయలేను, పోలేదు. కానీ మా పరుగు కూడా పోలేదు. ప్రతి శీతాకాలం ఎవరూ టముకు వేయకుండానే చుట్టుపక్కల జనం గేటు దగ్గరకు వస్తారు, అందరూ పైకి చేరేదాకా పరిగెడతారు. "కప్పు లేదు, దొర లేడు, ఇంకా ఎందుకత్తా?" అని ఒకసారి అడిగాను. "ఈ రోడ్డు మనమేసినాం. మోతకే వాడాలని ఉన్నాదేటి?" అంది.

ఈ వానల్లో అత్తకు చలిజ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు మంచం మీద ఉందట. ఆ నాలుగు రోజులూ మంచినీళ్ళ ముంత ఎవరినీ పట్టనివ్వలేదట.

బరికితో కలిసి నేను కొండ ఎక్కేసరికి గేటు దగ్గర కొత్త దొర మకాం సామాను దిగి ఉంది. పెట్టెలు, మంచాలు, చుట్టిన డేరాలు రోడ్డు పక్కన వానలో తడుస్తున్నాయి. కొత్త గుమాస్తా ఒకడు గొడుగు కింద నిలబడి మనుషుల కోసం చూస్తున్నాడు. మేము ఆగలేదు. ఊళ్ళో పాడె సిద్ధంగా ఉంది. లేపబోతుండగా గుమాస్తా మా వెనకే ఎక్కి వచ్చాడు. "ఏరా, ఇంటికొక మనిషిని పిలవమన్నాను కదా, మనుషులేరి?" అని బరికిని గద్దించాడు.

బరికి పాడె కింద భుజం పెట్టాడు. "భుజాలు కాళీ నేవు బాబూ" అన్నాడు.

మా వల్లకాడు ఊరి కిందే, వాగు ఒడ్డున ఉంది. చప్పున వెళ్ళి, భుజాలు ఖాళీ చేసుకుని రావచ్చు. మేము అటు వెళ్ళలేదు. రోడ్డెక్కి, గేటు దాకా దిగి, మళ్ళీ కనుమ వైపు ఎక్కాం. ఊరంతా వచ్చింది, పక్క ఊళ్ళవాళ్ళూ వచ్చి కలిశారు. ఒక భుజం దిగితే ఇంకో భుజం. బేగి నడవండ్రా అని అరిచే గొంతు లేదు. మేము బేగి నడవలేదు. పొద్దుగూకే దాకా, వానలో, తడుస్తున్న ఆ పెట్టెల ముందు నుంచే, ఎంత నెమ్మదిగా నడవగలమో అంత నెమ్మదిగా నడిచాం.