రెండో తాళం

కాలిపోయిన మోటారు షాపుకి వస్తే, విప్పకముందే వాసన చూసి ఏం జరిగిందో చెబుతాను. ముప్ఫై ఏళ్ళుగా తిరువూరులో బోరు మోటార్లకి వైండింగ్ చేస్తున్నాను. పెనుగొలను నుంచి వచ్చిన రైతయినా, వినగడప నుంచి వచ్చిన రైతయినా మోటారు ఆటోలోంచి దింపి, "ముందు మీ ముక్కుకి చూపించండి" అంటారు. ఆ మాట వినీ వినీ నాకు కాస్త పొగరెక్కింది. నా ముక్కు తప్పు చెప్పదని నేనే అందరికంటే గట్టిగా నమ్మాను. రెండేళ్ళపాటు నా తమ్ముడు మా గుమ్మం తొక్కకపోవడానికి కారణం ఆ నమ్మకమే.

మాకొక పాత డీజిల్ కారు ఉంది. నాన్న పోయాక నేనూ తమ్ముడూ కలిసి సెకండ్ హ్యాండులో కొన్నాం. ఉండేది మా ఇంటి పక్క రేకుల షెడ్డులో. తాళాలు రెండు. ఒకటి నా దగ్గర, రెండోది ఊరికి అటు చివర ఉండే తమ్ముడి దగ్గర. వాడికి బండి కావలసి వస్తే అడిగే పనిలేదు, వచ్చి తీసుకెళ్ళడమే. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కాఫీ తాగి, వాళ్ళ వదినతో నా మీద నాలుగు చాడీలు చెప్పి వెళ్ళేవాడు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో వాడు భార్యను తీసుకుని నెమలి గుడికి వెళ్ళాడు. మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. వినగడప దగ్గర వాగు రోడ్డెక్కిందని షాపులో ఎవరో చెప్పారు. సాయంత్రానికి తమ్ముడు క్షేమంగా వచ్చి బండి షెడ్డులో పెట్టి వెళ్ళాడు. మర్నాడు పొద్దున నేను స్టార్ట్ చేస్తే బండి లేవలేదు. బానెట్ ఎత్తాను. బ్యాటరీ పక్కన అరచేయంత రేకు డబ్బా ఒకటి ఉంటుంది, ఇంజనుకి కంప్యూటర్ అదే. దాని సాకెట్ ఊడదీసి చూస్తే లోపల చెమ్మ. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్ళు దిగాయి, అనుమానం లేదు.

తమ్ముణ్ణి పిలిపించాను. వాడు, మరదలు, పిల్లలు అందరూ వచ్చారు.

"వాగులో దింపావా?" అన్నాను.

"లేదన్నయ్యా. నీళ్ళు చూసి వెనక్కి తిప్పాను. వేరే దారిన చుట్టు తిరిగొచ్చా."

"మరి ఇందులోకి నీళ్ళు ఎట్లా వచ్చాయి?"

"నాకేం తెలుసు? నేనైతే దాటలేదు."

అక్కడితో ఊరుకోవలసింది. నా నోరు ఊరుకోలేదు. "బండి అబద్ధం చెప్పదురా. చెబుతోంది నువ్వే" అన్నాను. వాడి పిల్లల ముందే అన్నాను. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. రెండో తాళం వాడి జేబులోనే ఉండిపోయింది. నేను అడగలేదు, వాడు ఇవ్వలేదు.

ఆ రెండేళ్ళలో వాడి కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. పెదనాన్నగా వెళ్ళి అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేశాను. ఆ పిల్ల గేటు దాకా వచ్చి, "తిని వెళ్ళండి పెదనాన్నా" అంది. షాపులో పని ఉందన్నాను. ఆదివారం షాపు తీయనని ఆ పిల్లకి తెలుసు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బండి కూడా మా లాగే తయారైంది. నాలుగు రోజులు నడిచేది, అయిదో రోజు నడిరోడ్డు మీద ఆగిపోయేది. మెకానిక్కులు సాకెట్ తుడిచారు, వైర్లు మార్చారు, సెన్సార్లు మార్చారు. ఆ డబ్బా మూత మాత్రం ఎవరూ తీయలేదు. ఆగిన ప్రతిసారీ, ఇదంతా వాడు చేసిన పనే అని పైకే తిట్టుకునేవాణ్ణి. మా ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది.

ఈ మధ్య బండి పూర్తిగా మొండికేసింది. కార్ల కరెంటు పని చేసే ఒకాయన లాప్‌టాప్ తగిలించి చూసి, "కంప్యూటరే పోయింది సార్. ఇదే నంబరు డబ్బా ఇంకోటి దొరికితే వేసుకోవచ్చు" అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో వెతికి ఆయనే పట్టుకొచ్చాడు. బిగించే పని నేను చూసుకుంటానని చెప్పి, తాళాల పనికి మాత్రం ఆదివారం రమ్మన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కన పెట్టాను. సాకెట్ మీది క్లిప్పు ఎత్తి, నాలుగు బోల్టులు విప్పి పాత డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఎలాగూ పారేసేదే కదా, లోపలెట్లా ఉందో చూద్దామనిపించింది. మూత ఊడదీశాను.

వాగు నీళ్ళు లోపలికి పోతే ఏం మిగులుతుందో నాకు తెలియనిది కాదు. మునిగిన మోటార్లు ఎన్ని విప్పలేదు. ఒండ్రు ఉంటుంది, సన్నటి ఇసుక ఉంటుంది. ఇందులో ఒక్క ఇసుక రేణువు లేదు. మూత చుట్టూ ఉండే రబ్బరు పొడుగునా పసుప్పచ్చ గీత, మూల నుంచి లోపలికి జారి ఎండిన జిగురు, ఆ జిగురులో అతుక్కుని చచ్చిన చీమలు, వాటి మధ్య ఎర్రటి పొడి. రాగి గీతలన్నిటినీ చిలుం తినేసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుల్లటి వాసన వచ్చింది, పులిసిన కొబ్బరినీళ్ళ వాసన.

స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ప్రతి దసరాకీ బండికి పూజ చేసేది నేనే. నాన్న షాపులో మోటార్లకి చేసినట్టే చేసేవాణ్ణి. ఆయన బొట్లు బాడీ మీద పెట్టి ఊరుకునేవాడు కాదు, స్టార్టరు మీద కూడా పెట్టేవాడు. బండి కొన్న కొత్తలో ఒక మెకానిక్కు ఈ డబ్బా చూపించి, "బండికి బ్రెయిన్ ఇదేనండీ" అన్నాడు. అప్పటినుంచి మొదటి పూజ దానికే. నీళ్ళలో కలిపిన పసుపు మూత అంచుల వెంట దట్టంగా పూసి, పైన కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చిప్పతోనే దాని మీద పోసేవాణ్ణి. ఆ తీపి జిగురు వానాకాలం గాలికి చెమ్మ లాగుతుంది, ఆ రోజు సాకెట్లో నేను చూసిన చెమ్మ అదే. తమ్ముడితో మాటలు పోయాక వచ్చిన రెండు దసరాలకి కూడా పోశాను. బండికి ఏదో దిష్టి తగిలిందని ఆ రెండుసార్లూ ఇంకొంచెం ఎక్కువే పోశాను.

మా ఆవిడ కాఫీ తెచ్చింది. నా చేతిలో డబ్బాని చూసింది. చాలాసేపు చూసి, "వాగులో పసుపు ఉంటుందా అండీ?" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపు ఆ గొంతులో వినిపించింది.

పదింటికి లాప్‌టాప్ ఆయన వచ్చాడు. అప్పటికి కొత్త డబ్బా బిగించి, బ్యాటరీ వైరు కలిపి సిద్ధంగా ఉంచాను. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిచి, "తాళాలు ఇవ్వండి సార్" అన్నాడు. నాది ఇచ్చాను.

"ఒకటేనా? రెండోది?"

"అది ఇక్కడ లేదు."

"ఈ డబ్బాకి మీ తాళాలు కొత్త సార్. ఇప్పుడు పరిచయం చేసిన తాళంతోనే బండి లేస్తుంది. రెండోదాన్ని వదిలేస్తే తలుపు తీయడానికి తప్ప ఇక దేనికీ పనికిరాదు. పర్వాలేదంటే ఒక్కదానితో కానిచ్చేస్తా."

ఊఁ అంటే సరిపోయేది. పది నిమిషాల్లో పని అయిపోయేది. తమ్ముడి దగ్గరున్నది ఉత్త ఇనపముక్క అయ్యేది, ఆ సంగతి వాడికి తెలిసేది కూడా కాదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తోంది.

"ఒక్క అరగంట కూర్చోండి" అని ఆయనతో చెప్పి, పాత డబ్బాను గుడ్డలో చుట్టుకుని నడిచి వెళ్ళాను. ఊరి అటు చివరికి చేరే అంతసేపూ ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. అన్నగా పుట్టినవాడికి తమ్ముడి ముందు తలదించుకోవడం ఎవరూ నేర్పరు.

వాడు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రమ్మనలేదు, వద్దనలేదు. నేను గుడ్డ విప్పి డబ్బాను గట్టు మీద పెట్టాను. వాడు వంగి చూశాడు. పసుపు గీతను వేలితో గీకి, ఆ వేలు చూసుకున్నాడు.

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "నువ్వు వాగు దాటలేదు" అన్నాను. "నువ్వు అబద్ధం చెప్పలేదురా. నేనే నానా మాటలూ అన్నాను. పిల్లల ముందు అన్నాను. తప్పు నాది."

వాడు వేలికంటిన పసుపు తుడుచుకుని, "దాటలేదని ఆ రోజే చెప్పాగా అన్నయ్యా" అన్నాడు. అంతే. ఆ మాటలో కోపం ఉంటే భరించగలిగేవాణ్ణి.

కంప్యూటర్ మార్చానని, రెండో తాళం కావాలని చెప్పాను. లోపలికి వెళ్ళి తెస్తాడనుకున్నాను. వాడు చొక్కా జేబులోంచే తీశాడు.

"ఇది తిరిగిచ్చేద్దామని మూడు నాలుగుసార్లు మీ వీధి చివరిదాకా వచ్చా" అన్నాడు. "ఇచ్చేస్తే ఇంక మీ ఇంటికి రావడానికి నాకు పనేముంటుందని వెనక్కి వెళ్ళిపోయా."

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. కళ్ళు తుడుచుకోవడానికి చేతిలో ఆ జిడ్డు గుడ్డ తప్ప ఏమీ లేదు.

ఇద్దరం వాడి స్కూటర్ మీదే వచ్చాం. లాప్‌టాప్ ఆయన మొదట నా తాళం పెట్టి తిప్పాడు, తర్వాత వాడిది. డాష్‌బోర్డు మీద మిణుకుమంటున్న ఎర్ర లైటు ఆరిపోయింది. వాడి తాళంతోనే బండి స్టార్ట్ అయింది. వంటింట్లోంచి మా ఆవిడ, "మరిదిగారికి కాఫీలో చక్కెర తగ్గించాలా, అట్లాగే వేసేయనా?" అని అడిగింది. రెండేళ్ళలో వాడికి షుగరు వచ్చిందని, ఆ సంగతి మా ఆవిడకి తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

లాప్‌టాప్ ఆయన ఇంజను ఆపి దిగి, రెండు తాళాలూ అరచేతిలో పెట్టుకుని, "రెండోది ఎవరి దగ్గరుంటుంది సార్?" అని నన్నడిగాడు.

నేను చెప్పేలోపే తమ్ముడు చెయ్యి చాపాడు.