యుమ్మా ఎక్కని బురుజు

2020 వేసవిలో నా భర్త కోవిడ్‌తో పోయాడు. నాకూ పాజిటివ్ రావడంతో షార్జా అల్ నహ్దాలోని మా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండి దహనాన్ని ఫోన్‌లో చూశాను. ఫోన్ పట్టుకున్న వ్యక్తి దాన్ని కిందికి వంచేయడంతో నాకు ఎక్కువగా కనిపించింది నేలే.

విశాఖ వచ్చెయ్యమని ఇంటివాళ్ళందరూ అన్నారు. ఉద్యోగం ఉందని చెప్పి ఉండిపోయాను. అక్కడ ఒక్కొక్కరి ముఖంలో జాలి చూసే ఓపిక లేకపోవడమే అసలు కారణం. సెలవు రోజుల్లో తలుపు వేసుకుని పడుకునేదాన్ని.

అలా రెండేళ్ళు గడిచాక మా ఆఫీసు డ్రైవర్ ఒకరోజు నన్ను అడిగాడు. అతనిది రాయచోటి వైపు.

"అక్కా, ఆదివారం రాస్ అల్ ఖైమా కొండల్లోకి పోతాండా. ఆడ పాత బురుజొకటి బాగుచేస్తాండారు. మా ఊర్లోనూ బురుజుండాది, ఎవురూ పట్టించుకోక పడిపోయింది. ఊరికే కూచోనుండేకైనా రాండి."

వెళ్ళాను. వాగు పక్కన చిన్న గుట్ట మీద ఉంది బురుజు. కింద రాయి, పైన మట్టి. ఒకప్పుడు పరాయివాళ్ళు వస్తుంటే కావలివాడు పైనుంచి పొగ పెట్టి ఖర్జూరపు తోటల వాళ్ళను హెచ్చరించేవాడట. పై అంతస్తు సగం రాలిపోయి ఉంది. కేరళకు చెందిన ఒక ఆర్కిటెక్ట్ అనుమతులు తెచ్చి, మాలాంటి వాళ్ళను పోగుచేసి పని మొదలుపెట్టింది. సిమెంటు వాడకూడదు. మట్టిలో గడ్డి కలిపి నానబెట్టి, కాళ్ళతో తొక్కి గోడకు మెత్తాలి. మొదటిరోజే బురదలో దిగాను. తొక్కుతూ తొక్కుతూ ఏడ్చాను. పక్కవాళ్ళు చూశారు గానీ ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే మళ్ళీ వెళ్ళాను.

గుట్ట కింది ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది. అందరం యుమ్మా అని పిలిచేవాళ్ళం, అమ్మా అన్నట్టు. గహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు తెచ్చి మా దగ్గర కూర్చునేది. బొంబాయి సరుకు అమ్మేవాళ్ళ దగ్గర నేర్చిన హిందీ మాట్లాడేది. ఆ బురుజుకు ఆఖరి కావలివాడు ఆమె తండ్రి. చిన్నప్పుడు ఆమె అన్నం తీసుకెళితే ఆయన పైనుంచి తాడుకు బుట్ట కట్టి దించేవాడు. ఆమెను మాత్రం ఒక్కసారీ పైకి రానివ్వలేదు.

"పైనుంచి మా ఇల్లెలా ఉంటుందో చూడాలి, బేటీ," అనేది.

ఒకరోజు మా ఆయన సంగతి అడిగింది. చెప్పాను.

"ఆఖరిచూపు దక్కిందా?"

"ఫోన్లో, యుమ్మా."

ఆవిడ నా మట్టి చేతిని తన ఒళ్ళో పెట్టుకుంది. "నాకు అదీ లేదు. మా ఆయన చేపలకు వెళ్ళాడు. పడవ కూడా తిరిగి రాలేదు."

రెండు చలికాలాల్లో గోడలు లేచాయి. ఖర్జూరపు దూలాలతో కప్పు వేశాం. రంజాన్ పండుగ వెళ్ళాక మాలో నలుగురు మగవాళ్ళు కలిసి యుమ్మాను పైకి మోసుకెళ్ళాలని అనుకున్నాం.

పండుగ వెళ్ళింది. వెంటనే, ఎన్నడూ చూడనంత వాన పడింది. అల్ నహ్దా వీధుల్లో నడుముల దాకా నీళ్ళు. కరెంటు లేని ఫ్లాట్‌లో ఉండగా డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అక్కా, బురుజు కూలిపోయిందంట. వాగు పక్క గోడ, కప్పూ రెండూ."

రోడ్లు తెరిచాక వెళ్ళాం. మేము తొక్కిన మట్టి గుట్ట మీంచి చారలు చారలుగా జారి ఎండిపోయింది. ఆర్కిటెక్ట్ ఒక రాయి మీద కూర్చుని, "నీళ్ళు పోయే దారి మనం ఇంకాస్త పెద్దది వదలాల్సింది," అంది.

"మళ్ళీ కడతాం, యుమ్మా," అన్నాను, గుట్ట కింద నిలబడి చూస్తున్న ఆవిడతో.

"ఖలాస్, అయిపోయింది బేటీ. మా నాన్న ఉన్నప్పుడు వాన వెలిస్తే ఊరంతా వచ్చి మట్టి మెత్తేది. ఇప్పుడు ఊరేది?"

ఆవిడ కోపంతో అనలేదు. ఆ నెమ్మదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వేసవిలో పని ఆగింది. మళ్ళీ చలి మొదలయ్యేసరికి ఆర్కిటెక్ట్ వేరే దేశం వెళ్ళిపోయింది, మిగతావాళ్ళు రావడం మానేశారు. నేనూ డ్రైవరూ ఇద్దరమే వెళ్ళాం. యుమ్మా ఇంటికి తాళం వేసి ఉంది. చూపు తగ్గిపోయిందని కొడుకులు అబుదాబి తీసుకెళ్ళారని తోటమాలి చెప్పాడు.

ఆ పూటంతా పడిన రాళ్ళను ఏరి ఒక పక్కన పేర్చాం.

"మళ్ళా వారం వద్దామా అక్కా?" తిరుగు దారిలో అడిగాడు.

"చూద్దాం," అన్నాను.

తర్వాతి వారం అతనికి డ్యూటీ పడింది. ఆ పై వారం అతను ఫోన్ చేస్తే, ఒంట్లో బాగాలేదని సాకు చెప్పాను. తర్వాత అతనూ అడగలేదు.